తాళంచెవి సేటు దగ్గర ఉండేది

ఆ బట్టల షాపులో నేను తొమ్మిదేళ్లు నిలబడ్డాను. పనిచేశానని చెప్పొచ్చు కానీ, ఇప్పటికీ మోకాళ్లు లాగుతున్నప్పుడు నా నోటికి వచ్చే మాట నిలబడ్డానన్నదే. ఉదయం పదింటికి షట్టర్ లేచినప్పటి నుంచి మళ్లీ దించేదాకా, అన్నం తినే పావుగంట తప్ప, మేం ఐదుగురు ఆడవాళ్లం కౌంటర్ పక్కన నిలబడే ఉండాలి. కుర్చీలు కస్టమర్లకు. పరుపు చీరలకు. మేం గోడకు ఆనుకున్నా సేటు గల్లా దగ్గర్నుంచి దగ్గేవాడు. ఆ దగ్గుకు అర్థం మాకు తెలుసు.

మా పట్నం గోదావరికి దగ్గర్లో, బొగ్గు బాయిల మధ్య ఉంటుంది. దాని నడిబొడ్డు ఈ చౌరస్తా. బంగారం దుకాణాలు, స్టీలు సామాన్ల షాపులు, ఫోన్ల షాపులు, ప్రైవేటు దవాఖానలు, చిట్టీల ఆఫీసులు అన్నీ ఆ నాలుగు రోడ్ల మీదే. జైపూర్ వైపు పల్లెల నుంచి, గోలేటి నుంచి కూడా పెళ్లిబట్టలకు ఇక్కడికే వస్తారు. ఓపెన్‌కాస్ట్ బాయిలో బ్లాస్టింగ్ చేసినప్పుడు షోకేసు అద్దాలు గలగలమంటాయి. బొమ్మలకు కట్టిన చీరల మీద వాలిన నల్లదుమ్మును రోజుకు రెండుసార్లు మేమే దులపాలి. పొద్దస్తమానం ఆడవాళ్లే తిరిగే బజారు అది. చీర కొనేది ఆడది, అమ్మేది ఆడది, కొన్న చీరకు ఫాలు కుట్టేది ఆడది. ఆ బజారులో ఆడది ఒంటికి పోవడానికి మాత్రం ఒక్క గది లేదు.

లేదంటే పూర్తి నిజం కాదు. రెండు ఉండేవి. ఒకటి మా కాంప్లెక్స్ రెండో అంతస్తులో ఉన్న సేటు బాత్రూం. దాని తాళంచెవి సేటు నడుముకున్న గుత్తిలో ఉండేది. పెళ్లిబట్టలు కొనడానికి వచ్చినవాళ్లు అడిగితే గుత్తిలోంచి తీసి మా చేతికిచ్చేవాడు. మేం వాళ్లను పైకి తీసుకుపోవాలి, లైటు వెయ్యాలి, గొళ్లెం సరిగా పడదు కాబట్టి బయట నిలబడి తలుపు పట్టుకోవాలి, మళ్లీ తాళం వేసి చెవి తెచ్చి ఇవ్వాలి. మేం పోకూడదు. తొమ్మిదేళ్లలో ఆ తలుపును నేనెన్నిసార్లు పట్టుకున్నానో! లోపల నీళ్ల చప్పుడు వింటూ, కాళ్లు ఒకదానికొకటి బిగించి నిలబడేదాన్ని.

రెండోది కూరగాయల మార్కెట్ పక్కన మున్సిపాలిటీ వాళ్లు కట్టించింది. గోడ మీద పెద్ద బొట్టు పెట్టుకున్న ఆడమనిషి బొమ్మ కూడా వేశారు. కట్టిన రోజు నుంచి దానికి తాళమే.

మగవాళ్లకు ఈ బాధ లేదు. మా షాపులో నలుగురు మగ సేల్స్‌మెన్ ఉండేవాళ్లు. కాంప్లెక్స్ వెనక గోడ ఉంది కదా, చెప్పి కూడా పోయేవాళ్లు కాదు.

నేను చేరిన రోజున మాలో అందరికంటే సీనియర్, మేమంతా పెద్దక్క అని పిలిచే ఆమె, నా చేతిలోని నీళ్ల సీసా తీసుకుని బెంచీ కిందికి నెట్టేసింది.

"పొద్దుగాల చాయ్ తాగినవా?"

"తాగిన అక్కా."

"గంతే ఇగ. గొంతు ఎండితె ఒక్క గుక్క తడుపుకో. అన్నం తిన్నంక సగం గ్లాసు. ఎక్కువ తాగినవనుకో, నీకే పరేషాన్."

అప్పటికి ఆమె ఆ షాపులో చేరి తొమ్మిదేళ్లు. ఎండాకాలం మా పట్నంలో ఎండ ఎట్లా ఉంటుందో చెప్పక్కర్లేదు. చుట్టూ బాయిలు, దగ్గర్లో కరెంటు ప్లాంట్లు. ఆ ఎండల్లో మేం నీళ్లు తాగకుండా, పెదాలకు వ్యాజిలిన్ రాసుకుని, నవ్వుతూ చీరలు విప్పేవాళ్లం. మరీ ఆగలేకపోతే ఒకరి తర్వాత ఒకరం బస్టాండుకు పోయేవాళ్లం. పోవడానికి పది నిమిషాలు, అక్కడ వరసలో పది, రావడానికి పది. తిరిగొచ్చేసరికి సేటు గోడ గడియారం వైపు చూస్తూ, "ఊరికి పొయ్యి అస్తున్నవా?" అనేవాడు, కస్టమర్లు వినేటట్టు. ఆ ఒక్క మాట పడలేక సగం సార్లు పోయేవాళ్లం కాదు.

నాకు రెండేళ్లలోనే మంట మొదలైంది. తర్వాత చలిజ్వరం. సర్కారు దవాఖానలో లేడీ డాక్టర్ చీటీ రాస్తూ అడిగింది, "రోజుకు నీళ్లు ఎన్ని తాగుతవమ్మా?" నాలుగు లీటర్లని అబద్ధం చెప్పాను. ఎందుకు చెప్పానా అని ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. తప్పు చేసినదానిలా నేనెందుకు దాచాలి? మందులు వాడాను, తగ్గింది, మళ్లీ వచ్చింది. మా ఐదుగురిలో అది రాని మనిషి లేదు. ఒకరి గోళీలు ఒకరం పంచుకునేవాళ్లం, జీలకర్ర పంచుకున్నట్టు.

నా భర్త జైపూర్ కరెంటు ప్లాంటులో కాంట్రాక్టు కార్మికుడు. ఇద్దరం పనిచేయకపోతే ఇల్లు నడవదు. అందుకని నిలబడ్డాను. అందరిదీ అదే కారణం.

ఎనిమిదో ఏడు గడిచాక, మాలో ఒకామె మానేస్తే ఆమె చోట్లో ఒక చిన్న పిల్ల చేరింది. పెళ్లై ఏడాది. మేం ఆమెను చెల్లె అనేవాళ్లం. చేరిన నాలుగు నెలలకు నెల తప్పింది. ఇంట్లో మొగుడికి పని సరిగా లేదు, మానేయలేనంది. ఏడో నెల వచ్చినా వస్తూనే ఉంది. కడుపుతో ఉన్న మనిషికి ఒంటికి ఎన్నిసార్లు పోవాల్సి వస్తుందో కన్న ఆడదానికి తెలుసు, కన్న ఆడదాన్ని చూసిన మగవాడికీ తెలియాలి. సేటుకు ముగ్గురు పిల్లలు.

ఆ బుధవారం ముహూర్తాల రద్దీ. నాలుగు పెళ్లిళ్ల వాళ్లు ఒకేసారి దిగారు. మాకివ్వడని తెలిసినా, పన్నెండింటికి చెల్లె సేటు దగ్గరికి పోయి చెవి అడిగింది.

"పైన పెళ్లోళ్లు ఉన్నరు. జర ఆగు," అన్నాడు ఫోన్ లోంచి తల ఎత్తకుండా.

ఒంటిగంటకు మళ్లీ అడిగింది. బస్టాండుకు పోతానంది. "గిప్పుడు పోతె గీ గిరాకి ఎవలు చూస్తరు? అర్ధగంట ఆగు," అన్నాడు. పెద్దక్క కల్పించుకుంది, "సేటు, వట్టి మనిషి కాదు, చెవి ఇయ్యరాదుండ్రి," అని. ఆయన విననట్టే బిల్లు కొట్టుకుంటున్నాడు.

చెల్లె వచ్చి నా పక్కన నిలబడింది. మా ముందు ఒక తల్లి, పెళ్లికూతురు, ఆ పిల్ల వాళ్ల అవ్వ కూర్చుని ఉన్నారు. పరుపు మీద పది పన్నెండు పట్టుచీరలు పరిచి ఉన్నాయి. చెల్లె పైఅరలోంచి ఇంకో చీర తీయడానికి చేతులు ఎత్తింది. ఎత్తినదల్లా అట్లాగే ఆగిపోయింది. నేను ఆమె ముఖం చూశాను. తర్వాత కిందికి చూశాను. ఆమె చీర తడిసిపోయింది. నేల మీద పారి పరుపు అంచుదాకా వచ్చింది.

ఇప్పుడు రాయబోయేది రాయకుండా ఉండాలని చాలాసార్లు అనుకున్నాను. నా చేతులు ముందు చీరల మీదికి పోయాయి. సేటు అరవకముందే, ఎవరూ ఏమీ అనకముందే, నేను వంగి ఆ పట్టుచీరలను గబగబా పైకి లాగి, ఒడిలో వేసుకుని, పక్కకు పెట్టాను. మడతలు కూడా సరిచేశాను. చెల్లె నా పక్కనే, రెండు చేతుల్లో ముఖం దాచుకుని నిలబడి ఉంది.

కుర్చీలోంచి లేచింది ఆ అవ్వ. ఎక్కడి మనిషో, ఏ ఊరో. తన భుజం మీది తువ్వాలు తీసి చెల్లె నడుముకు చుట్టింది. "ఏం గాదు బిడ్డా, ఏం గాదు. గిట్ల కూసో నా తల్లీ," అని తను లేచిన కుర్చీలోనే కూర్చోబెట్టింది. అప్పుడు సేటు అరిచాడు, "కుర్సీ! కుర్సీ ఖరాబయితది!" అవ్వ ఆయన వైపు చూసింది. మనవరాలి చెయ్యి పట్టుకుని, కూతుర్ని లేపి, ఏమీ కొనకుండా బయటికి వెళ్లిపోయింది.

పెద్దక్క చెల్లెను ఆటోలో ఇంటికి తీసుకుపోయింది. నేల నేనే తుడిచాను. తుడుస్తుంటే సేటు నా తల మీద నిలబడి అన్నాడు, "ఏడు నెలలు వచ్చెదాక ఎందుకు రానిచ్చిండ్రు? రేపటి సంది రావద్దని చెప్పుర్రి." నేను సరేనన్నాను. అవును, సరే అన్నాను.

మర్నాడు పెద్దక్క ఎప్పటిలాగే పదింటికి వచ్చింది. చెప్పులు విడిచింది. కస్టమర్ల కుర్చీల్లో మధ్యది లాక్కుని కూర్చుంది.

సేటు అగరుబత్తి వెలిగిస్తున్నవాడు తిరిగి చూశాడు. "ఏందమ్మా, పానం బాగలేదా?"

"బాగనే ఉన్నది."

"మరి?"

"కూసున్న."

"అది కస్టమర్ల కుర్సీ."

"ఎరికే. పద్దెనిమిదేండ్ల సంది తుడుస్తున్న గదా."

మిగిలిన ఇద్దరూ నా వైపు చూశారు. నేను వెళ్లి పెద్దక్క పక్క కుర్చీలో కూర్చున్నాను. ధైర్యంతో కాదు. రాత్రంతా నా చేతులను చూసుకుంటూ ఉన్నాను, నిలబడే శక్తి నిజంగానే లేదు. వాళ్లిద్దరూ కూడా వచ్చి కూర్చున్నారు. ఖాళీ షాపులో నలుగురం ఆడవాళ్లం, ఫ్యాన్ కింద, కస్టమర్ల లాగ.

సేటు మొదట నవ్వాడు. తర్వాత బతిమాలాడు. తర్వాత బయటికి నడవమన్నాడు. వచ్చి మెట్ల మీద కూర్చున్నాం. మగ సేల్స్‌మెన్‌లో ఒకతను, నాతో పాటే చేరినవాడు, తలుపు దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి అన్నాడు, "గింత దానికి ఇంత లొల్లి అవసరమా అక్కా?" పెద్దక్క అతనికి ఒక్కటే చెప్పింది. "ఇయ్యాల పొద్దుమీకేదాక నువ్వు ఆ గోడ కాడికి పోకు. మాపటికి వచ్చి మాట్లాడు."

పక్క స్టీలు షాపులో పనిచేసే ఆడవాళ్లు ఏమైందని అడిగారు. చెప్పాం. ఇద్దరు వచ్చి మాతో కూర్చున్నారు. గాజుల షాపు నుంచి ముగ్గురు వచ్చారు. మెడికల్ షాపులో మందులిచ్చే పిల్ల తెల్లకోటుతోనే వచ్చింది. ఒంటిగంటకు ఇరవై మందిదాకా అయ్యాం. ఒక్కొక్కరు చెప్తుంటే నాకు తెలిసింది, నీళ్లు తాగవద్దన్న మాట ఆ బజారులో ప్రతి షాపులోనూ ఒక పెద్దక్క ఒక చిన్న పిల్లకు చెప్పిందే.

లేచి కూరగాయల మార్కెట్ పక్కకు పోయాం. బొట్టు బొమ్మ, తాళం అట్లాగే ఉన్నాయి. మెడికల్ షాపు పిల్ల పొడుగు. వెంటిలేటర్ లోంచి ఫోన్ లైటు వేసి లోపలికి చూసింది. ఫొటో తీసి మాకు చూపించింది. లోపల ప్లాస్టిక్ కుర్చీలు. ఒకదాని మీద ఒకటి, నేల నుంచి పైకప్పు దాకా. ఎవరో వ్యాపారి ఆడవాళ్ల బాత్రూంను గోదాం చేసుకున్నాడు. కూర్చోవడానికి కుర్చీ లేనివాళ్లం, పోవడానికి చోటు లేనివాళ్లం ఆ ఫొటో చుట్టూ గుమిగూడాం. ఒకామె నవ్వింది. నాకు గోడను తన్నాలనిపించింది. తన్నాను కూడా. కాలి వేలు వాచింది.

అక్కడి నుంచి నేరుగా మున్సిపల్ ఆఫీసుకు పోయాం. ఒక గంట కూర్చున్నాక అక్కడి పెద్ద సారు లోపలికి పిలిచాడు.

"అది ఇంక హ్యాండోవర్ కాలేదమ్మా. నల్లా కనెక్షన్ రావాలె. దరఖాస్తు పెట్టుకోండి, చూద్దాం."

"సారూ, మరి కుర్సీలు హ్యాండోవర్ అయినయా?" అంది పెద్దక్క.

"ఏం కుర్సీలు?"

ఫొటో చూపించాం. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "అసలు షాపుల్ల పనిచేసెటోళ్లకు ఓనర్లే పెట్టాలె. వాళ్ల జిమ్మేదారి అది. వాళ్లను అడుగుర్రి."

"ఓనర్లు మున్సిపాలిటీ అంటున్నరు సారూ."

"దరఖాస్తు పెట్టుర్రి."

పెద్దక్క లేచింది. "సరే సారూ, పెడ్తం. మీ ఆఫీసుల బాత్రూం ఎటున్నది?"

తలుపు దగ్గరున్న అటెండర్ అడ్డం వచ్చాడు. "అది స్టాఫ్ కోసం."

"మేం గూడ స్టాఫే బావా. బట్టల షాపుల స్టాఫ్."

వరండా చివర ఉంది అది. శుభ్రంగా, నీళ్లతో, సబ్బుతో. ఇరవై మందిమీ వరసలో నిలబడ్డాం. ఒకరు వస్తే ఒకరు. ఎవరూ తొందరపడలేదు. ఆఫీసు వాళ్లు ఫైళ్లు పట్టుకుని మమ్మల్ని తప్పించుకుంటూ నడిచారు. నా వంతు వచ్చి, లోపల గొళ్లెం పెట్టుకుంటే అది సరిగ్గా పడింది. బయట తలుపు ఎవరూ పట్టుకోనక్కర్లేదు. అక్కడ నాకు ఏడుపొచ్చింది. ఏడుపంటే బాధ అనుకుంటారు. కోపం కూడా కళ్లలోంచే వస్తుంది.

బయటికి వచ్చాక పెద్దక్క అందరికీ చెప్పింది, "రేపటి సంది అన్నం యాల్లకు అందరం గీడికే."

ఆ సాయంత్రం ఇంటికి పోయేసరికి ముచ్చట నాకంటే ముందే చేరింది. అమ్మ, నాయిన అప్పుడు మాతోనే ఉండేవాళ్లు. నాయిన ముప్పై ఏళ్లు అండర్‌గ్రౌండ్‌లో పనిచేసి రిటైర్ అయినవాడు. ఎన్ని సమ్మెలు చేశాడో మాకు కథలుగా చెప్పి పెంచినవాడు. ఆయన మంచం మీద నుంచి లేవకుండానే అన్నాడు, "పొద్దుగాల పొయ్యి సేటును బతిమిలాడు. నౌకరి పోతె ఎట్ల?"

"నువ్వు సమ్మెల ఉన్నప్పుడు నీకెవలన్న గిట్ల చెప్పిండ్రా నాయినా?"

"అది వేరు. అది బాయి ముచ్చట. గిది నలుగుట్ల చెప్పుకునే ముచ్చటనా?"

పోరాటాలన్నీ తనవి, సిగ్గు మాత్రం నాదట. అమ్మ వంటింట్లోంచి వచ్చింది. చేతిలో గరిటె. "బాయిల క్యాంటీన్ కోసం మూడు దినాలు కొట్లాడినవ్. తిన్నది, తాగినది యాడికి పోతదో తెల్వదా?" అంది. నాయిన గోడ వైపు తిరిగి పడుకున్నాడు. వారం రోజులు నాతో మాట్లాడలేదు.

అమ్మ మాత్రం ఆదివారం చర్చిలో స్త్రీల ప్రార్థన అయ్యాక ఈ సంగతి బయటపెట్టింది. రిటైరైన కార్మికుల భార్యలు, టీచర్లు, అందరికీ ఆ బజారు తెలుసు. సామాన్లకు పోయి కాళ్లు బిగించుకుని ఆటో ఎక్కినవాళ్లే అందరూ. సోమవారం వాళ్లు కూడా సంచులతో వచ్చి మున్సిపల్ ఆఫీసు వరండాలో వరస కట్టారు. అటెండర్ తాళం వేయాలని చూశాడు. అరవై ఏళ్ల టీచరమ్మ అతన్ని, "నువ్వు నా క్లాసులనే గదరా చదివినవ్," అంది. అతను తాళం జేబులో పెట్టుకున్నాడు.

పది రోజులు పట్టింది. ఒక పొద్దున చూస్తే కుర్చీలు లేవు. తర్వాత నల్లా వచ్చింది. తర్వాత ప్రారంభోత్సవం అన్నారు. రిబ్బన్ కట్టారు. ఫొటో ఫోన్లలో తిరిగింది. సారు మధ్యలో ఉన్నాడు, ఆయన పక్కన శాలువా కప్పుకుని మా సేటు ఉన్నాడు. ఆడవాళ్ల సౌకర్యం కోసం వ్యాపారులు చొరవ తీసుకున్నారని కింద రాశారు. పెద్దక్కను ఎవరూ పిలవలేదు. ఆ ఫొటోలో ఒక్క ఆడమనిషి లేదు, గోడ మీద బొమ్మ తప్ప.

సేటు మా ముగ్గుర్ని పనిలోకి రానిచ్చాడు. పెద్దక్కను రానివ్వలేదు. పద్దెనిమిదేళ్ల తర్వాత, "నీకు పానం బాగుంటలేదు, ఇంటికాడ ఉండు," అన్నాడు. మేం ముగ్గురం ఆమె కోసం మళ్లీ కూర్చోవాల్సింది. కూర్చోలేదు. ఆమే వద్దంది, నిజమే. కానీ ఆమె వద్దంటే మేం ఊపిరి పీల్చుకున్నాం, అదీ నిజమే. ఇప్పుడామె ఒక హాస్టల్లో వంట చేస్తోంది. బజారులో కలిస్తే నవ్వుతుంది, "ఈడ కూసునే పని," అంటుంది.

చెల్లెకు ఆడపిల్ల పుట్టింది. చూడ్డానికి పోయాను, పాపకు గౌను పట్టుకుని. పాపను నా ఒళ్లో పెట్టింది, చాయ్ ఇచ్చింది. బాత్రూం తెరిచారని చెప్పాను. ఊ అంది. పాప కాళ్లు సవరిస్తూ, నా వైపు చూడకుండా అంది, "ఆ దినం నువ్వు చీరలు తీసి పెడ్తుంటివి గదా అక్కా. నేను వేళ్ల సందుల నుంచి చూసిన."

క్షమించమని అడగడానికి నోరు తెరిచాను. ఆమె పాపను తీసుకుని లోపలికి పోయింది. ఆమె మళ్లీ ఆ బజారులో అడుగుపెట్టలేదని తర్వాత విన్నాను.

నేను ఇంకో మూడు నెలలు చేసి మానేశాను. ఇప్పుడు ఇంటి దగ్గరే బ్లౌజులు కుడుతున్నాను. సేటు మీద కోపం అట్లాగే ఉంది. సారు మీద, రిబ్బన్ మీద, నాయిన మీద కూడా ఉంది. నా మీద ఉన్నది వాటన్నిటికంటే పెద్దది, దాన్ని ఏం చేసుకోవాలో తెలియదు.

మొన్న లైనింగు గుడ్డల కోసం చౌరస్తాకు పోయాను. సాయంత్రం ఐదు. కూరగాయల మార్కెట్ పక్కన ఆ గదికి మళ్లీ తాళం. ఒక పల్లెటూరి ఆమె, చేతిలో పసిపిల్ల, తలుపు ముందు నిలబడి అటూ ఇటూ చూస్తోంది. వాచ్‌మన్ చాయ్ తాగడానికి పోయాడని పక్కన మిర్చి అమ్మే ఆమె చెప్పింది. నేను నడిరోడ్డు మీద నిలబడి, వచ్చేపోయే షేర్ ఆటోలు ఆగేటట్టు అరిచాను. ఏమన్నానో రాయలేను. అతను గ్లాసు పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు.

"ఏందమ్మా గట్ల మొత్తుకుంటున్నవ్? అస్తున్న గదా!"

"తియ్యి."

తీశాడు. ఆ పల్లెటూరి ఆమె పసిపిల్లను నా చేతికిచ్చి లోపలికి పోయింది.